రైఫిల్ మ్యాగజైన్ ఎన్నాళ్లు మన్నుతుంది?

రైఫిల్‌కు తగిలించే తూటాల పెట్టెను, అంటే మ్యాగజైన్‌ను, నింపి అలాగే ఉంచేస్తే స్ప్రింగు చచ్చిపోతుందనే మాట శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో చాలా ఇళ్లకు తెలిసినదే. సైన్యంలో చేసి వచ్చినవారో, పోలీసుశాఖలో ఉన్నవారో ఊరికి కొందరైనా కనిపించే ప్రాంతం ఇది. పరుగు నెగ్గి, దేహదారుఢ్య పరీక్ష దాటి శిక్షణకు వెళ్లబోయే కుర్రాడికి పెద్దవాళ్లు చెప్పే జాగ్రత్తల్లో ‘ముప్పై పట్టినా ఇరవై ఎనిమిదే పెట్టు’ అన్నదీ ఒకటి. ఈ మాటలో సగం నిజముంది. ఆ సగం కూడా ఎక్కువగా పాతకాలపు మ్యాగజైన్లకు చెందినది. మ్యాగజైన్ ఆయుష్షును నిజంగా తినేసేవి వేరే ఉన్నాయి. పైఅంచున తూటాను పట్టి ఉంచే రెండు పెదవుల వంపు చెడిపోవడం, కిందపడి తిన్న దెబ్బలు, సముద్రపు ఉప్పుగాలి అందులో కొన్ని. వీటన్నిటికీ తోడు, పాడైన మ్యాగజైన్‌ను పక్కన పెట్టనివ్వని లెక్కల పుస్తకం ఒకటుంది.

రైఫిల్ ధరతో పోలిస్తే మ్యాగజైన్ ధర చాలా చిన్నది. నిర్మాణమూ సాదాగానే ఉంటుంది. పెట్టె లాంటి కేసు, అందులో స్ప్రింగు, స్ప్రింగు మీద తూటాలను మోసే ప్లాట్‌ఫాం, అడుగున బాటమ్ ప్లేటు. దాని మీద పడే పని మాత్రం చిన్నది కాదు. ఏకే తరహా రైఫిల్ నిమిషానికి సుమారు 600 రౌండ్ల వేగంతో పనిచేస్తుంది. అంటే ఒక్కో రౌండుకు దొరికేది సెకనులో పదో వంతు. ఆ పదో వంతులోనే బారెల్ వెనకభాగాన్ని మూసి ఉంచే బోల్ట్ వెనక్కి పోవాలి, కాల్చిన తూటా ఖాళీ గొట్టం బయట పడాలి, బోల్ట్ తిరిగి ముందుకు వచ్చి కొత్త తూటాను బారెల్ మొదట్లో అది కూర్చునే చాంబర్‌లోకి తోయాలి. బోల్ట్ తూటా అడుగును దాటి వెనక్కి వెళ్లి మళ్లీ అక్కడికే వచ్చేలోపు ఉండే వ్యవధి ఇంకా తక్కువ. ఆ కాస్తలోనే లోపలి దొంతర మొత్తం ఒక మెట్టు పైకి లేచి, పైతూటా సరైన ఎత్తులో, సరైన కోణంలో నిలబడాలి. ఏకే వాడే 7.62×39 తూటా ఒకటి 16 గ్రాములకు పైగానే తూగుతుంది. ముప్పై కలిస్తే దాదాపు అరకిలో. ఒక్కొక్కటిగా కాల్చినా వరసగా కాల్చినా బోల్ట్ ముందుకూ వెనక్కూ కదిలే వేగం ఒకటే. కాబట్టి ఆటోమేటిక్‌లో కాల్చని పోలీసు చేతిలో మ్యాగజైన్‌కు పని తేలికవుతుందని అనుకోవడానికి లేదు.

ముందు స్ప్రింగు సంగతి తేల్చుకోవాలి. రాబర్ట్ హుక్ 1678లో ప్రచురించిన సూత్రం ప్రకారం, తన హద్దు దాటనంతవరకు స్ప్రింగు ఎంత నొక్కితే అంత బలంతో ఎదురుతన్నుతుంది, వదిలితే పాత పొడవుకు వస్తుంది. ఆ హద్దు లోపల నొక్కి ఉంచిన మంచి ఉక్కు స్ప్రింగు నెలలు గడిచినా చెప్పుకోదగినంత సడలదు. దాన్ని అలసిపోయేలా చేసేది నొక్కుడూ వదులుడూ పదేపదే జరగడం. రాజాంలో జనపనార లోడు ఎత్తుకున్న లారీ రాత్రంతా రోడ్డు పక్కన నిలబడితే కమాను కట్టలకు ఏమీ కాదు. అదే లోడుతో గుంతల రోడ్డు మీద నెలల తరబడి తిరిగితే ఒకనాడు పట్టీ విరుగుతుంది. మ్యాగజైన్ స్ప్రింగు తీగ కూడా కార్బన్ ఎక్కువగా ఉండి, కొంత మాంగనీసు కలిసిన ఉక్కే. గరివిడి, చీపురుపల్లి గనుల చుట్టూ పెరిగినవారికి మాంగనీసు ఉక్కుకు ఏం చేస్తుందో వేరే చెప్పనక్కర్లేదు.

అలాగని పెద్దల మాటను పూర్తిగా కొట్టిపారేయడం కూడా సరికాదు. మ్యాగజైన్ తయారుచేసేవారికి చోటు ఎప్పుడూ చాలదు. ముప్పై తూటాలు నిండాక అడుగున మిగిలే జానెడు కూడా లేని ఖాళీలో పొడుగాటి స్ప్రింగు మొత్తం ఇమడాలి. అందుకని చాలా స్ప్రింగులు వాటి హద్దుకు దగ్గరగానే పనిచేస్తాయి. హద్దుకు దగ్గరైన స్ప్రింగు తొలి కొన్ని నొక్కుళ్లలో కాస్త కుంగి, తర్వాత ఆ పొడవు దగ్గర స్థిరపడుతుంది. బాధ్యతగల తయారీదారు ఈ కుంగుబాటును ఫ్యాక్టరీలోనే తీసేస్తాడు: స్ప్రింగును పూర్తిగా అణచి, వదిలి, ఆ తర్వాతే కేసులో వేస్తాడు. అది చేయని చవక సరుకులో స్ప్రింగు వాడేవాడి చేతిలో కుంగుతుంది. దాన్ని చూసినవాడు నిండుగా ఉంచడమే తప్పని నిర్ణయానికి వస్తాడు. వేడికి సడలింపు పెరుగుతుందన్నది నిజమే కానీ, మామూలు స్ప్రింగు తీగ 100 డిగ్రీలు దాటిన వేడిని కూడా తట్టుకునేది. విజయనగరం వేసవిలో రేకుల కప్పు కింద ఉన్న సెంట్రీ పోస్టు దానికొక లెక్కలోనిది కాదు.

రెండు తూటాలు తగ్గించి పెట్టే అలవాటు ఎక్కడి నుంచి వచ్చిందో చూస్తే విషయం ఇంకొంత తేటపడుతుంది. భారత సైన్యం దశాబ్దాల పాటు వాడిన బ్రెన్ గన్ మ్యాగజైన్ 30 పడుతుంది. స్ప్రింగు మీద ఒత్తిడి తగ్గించడానికీ, ఆగిపోకుండా ఉండటానికీ 28 నింపడం ఆనవాయితీ. రెండో ప్రపంచయుద్ధపు స్టెన్ గన్ మ్యాగజైన్ 32 పడుతుందని పేరే కానీ, అంత నింపితే ఇరుక్కుంటుందని సైనికులు తగ్గించేవారు. వియత్నాంలో ఎం16 తొలి 20 రౌండ్ల మ్యాగజైన్లలో అమెరికా సైనికులు 18 పెట్టుకునేవారు. ఆ మూడు అనుభవాలూ కలిసి పటాలాల్లో సూత్రంలా స్థిరపడిపోయాయి. మ్యాగజైన్లు మారాయి, సూత్రం మాత్రం మారలేదు. ఇరవై ఎనిమిదికి ఒక సమర్థన ఇప్పటికీ మిగిలే ఉంది, దానికి స్ప్రింగు ఆయుష్షుతో సంబంధం లేదు. నిండా ఉన్న మ్యాగజైన్‌ను బోల్ట్ మూసి ఉన్న రైఫిల్‌కు తగిలిస్తే పైతూటా బోల్ట్ అడుగుకు తాకి, కిందికి దిగడానికి చోటు లేక, మ్యాగజైన్ పూర్తిగా పట్టుకోకపోవచ్చు. పట్టుకుందనుకుని చేయి తీస్తే ఊడి నేలమీద పడుతుంది. రెండు తగ్గిస్తే ఆ చోటు దొరుకుతుంది.

స్ప్రింగు వయసు మీరిందని తెలుసుకోవడం కష్టమేమీ కాదు. అదే రకం కొత్త స్ప్రింగు పక్కన పెట్టి పొడవు చూస్తే చాలు. బలం తగ్గిన స్ప్రింగు లోపాన్ని రెండు చోట్ల బయటపెడుతుంది. దొంతర నిండుగా, బరువుగా, రాపిడి ఎక్కువగా ఉన్న తొలి తూటాల దగ్గర ఒకసారి. స్ప్రింగు పూర్తిగా సాగి బలం అడుగంటిన చివరి తూటాల దగ్గర మరోసారి. ఎం16 వంశపు రైఫిళ్లలో చివరి తూటా అయిపోగానే బోల్ట్ వెనకే నిలబడాలి. అది నిలబడకుండా మూసుకుపోతుంటే మొదట అనుమానించవలసింది ఆ స్ప్రింగునే. స్ప్రింగు మార్చితే ఆ మ్యాగజైన్ మళ్లీ పనికొస్తుంది. మ్యాగజైన్‌లో తేలిగ్గా, చవగ్గా మార్చగలిగిన భాగం అదే. అందరూ భయపడేదీ దాని గురించే.

మార్చలేనిది పెదవులు. ఆయుధాల మరమ్మతు చూసే ఆర్మరర్లు లిప్స్ అని పిలిచే ఈ రెండు అంచులు కేసులో భాగమే. ఇవి లోపలికి వంగి, పైతూటా ఎగిరిపోకుండా పట్టుకుని, బోల్ట్ తోసినప్పుడు మాత్రం ముందుకు జారనిస్తాయి. తూటా ఎంత ఎత్తులో ఉండాలి, ముక్కు ఎటు చూడాలి, ఏ క్షణంలో వదలాలి అన్న మూడు నిర్ణయాలూ ఇక్కడే జరుగుతాయి. పెదవుల మధ్య ఎడం మిల్లీమీటరు కూడా అక్కర్లేదు, అంతకన్నా తక్కువ పెరిగినా తూటా కాస్త పైకి తేలుతుంది, ముందే జారిపోతుంది, ఒక్కోసారి ఒకటికి రెండు బయటికి వచ్చి చాంబర్ ముందు ఇరుక్కుంటాయి. ఎడం తగ్గితే తూటా కిందికి నొక్కుకుపోయి బోల్ట్ దాని మీదుగా ఖాళీగా వెళ్లిపోతుంది. కంటికి రెండూ మామూలు మ్యాగజైన్లలాగే కనబడతాయి. అందుకే పెదవుల ఎడాన్ని సరిచూడటానికి కొలత గేజీలు ఉంటాయి.

ఈ పెదవుల్ని చెడగొట్టేది కాల్పులకన్నా ఎక్కువగా నేల. ఖాళీ మ్యాగజైన్ సిమెంటు గచ్చు మీద పడితే సాధారణంగా ఏమీ కాదు. నిండు మ్యాగజైన్ తలకిందులుగా పడితే పరిస్థితి వేరు: కేసు నేలకు తగిలి ఆగుతుంది, లోపలున్న అరకిలో తూటాలు ఆగవు. ఆ బరువంతా లోపలి నుంచి పెదవుల్ని గుద్దుతుంది. విజయనగరంలో పోలీసు శిక్షణ కళాశాల ఉంది, చింతలవలసలో పటాలం ఉంది. ఇలాంటి ఏ శిక్షణ స్థలంలోనైనా ఒకే మ్యాగజైన్ ఒక బ్యాచి నుంచి మరో బ్యాచికి, వందల కొత్త చేతుల్లోకి మారుతుంది. కొత్తవాళ్లు జారవిడుస్తారు, బాది తగిలిస్తారు, పడుకుని కాల్చేటప్పుడు మ్యాగజైన్ అడుగును నేలకు ఆనించి రైఫిల్ బరువంతా దాని మీద వేస్తారు. పోలీస్‌స్టేషన్‌లో బెల్ ఆఫ్ ఆర్మ్స్ అనే ఆయుధాల గదిలో తాళం వేసి ఉన్న మ్యాగజైన్‌కు ఈ కష్టాలేవీ లేవు. ఏడాదికోసారి కాల్పుల సాధనకు బయటికొస్తుంది, మళ్లీ లోపలికి వెళుతుంది. ఒకే ఏడాది తయారైన రెండు మ్యాగజైన్లలో ఒకటి మూడేళ్లలో పనికిరాకుండా పోయి, రెండోది ఇరవై ఏళ్ల తర్వాత కూడా కొత్తదిలా ఉండటానికి కారణం ఇదే. ఆయుష్షును సంవత్సరాల్లో చెప్పమని అడిగితే జవాబు లేకపోవడానికీ ఇదే కారణం.

అనుభవమున్న ఆర్మరర్ గేజీ లేకుండానే ఒక గుర్తు పట్టగలడు. చాలా రైఫిల్ మ్యాగజైన్లలో తూటాలు రెండు వరసల్లో ఉండి ఒకసారి ఎడమ పెదవి కింద నుంచి, మరుసటిసారి కుడి పెదవి కింద నుంచి బయటికొస్తాయి. తూటా విడిచి తూటా ఇరుక్కుంటుంటే ఒక వైపు పెదవే దెబ్బతిన్నదని అర్థం. వరస లేకుండా ఎక్కడపడితే అక్కడ ఆగిపోతుంటే కేసు నొక్కుకుపోయిందో, ప్లాట్‌ఫాం వాలిపోతోందో, లోపల ఇసుక చేరిందో చూడాలి. అదే మ్యాగజైన్ వేరే రైఫిల్‌లోనూ ఆగిపోతే ఇక వాదన అక్కర్లేదు. ఈ చివరి పరీక్ష అన్నిటికన్నా సులువైనది, ఒక్క పైసా ఖర్చు లేనిది. అయినా స్టాపేజీ రాగానే, అంటే కాల్పు మధ్యలో ఆగిపోగానే, అందరూ మొదట విప్పేది రైఫిల్‌నే.

పెదవులు ఏ పదార్థంతో చేశారన్న దాన్ని బట్టి అవి పాడయ్యే తీరు మారుతుంది. ఉక్కు వంగుతుంది, వంగిన చోటే ఉండిపోతుంది. అల్యూమినియం కూడా వంగుతుంది, పైగా దానికి మరో బలహీనత ఉంది. ఒక స్థాయికి లోబడిన ఒత్తిడి ఎన్నిసార్లు పడినా ఉక్కు తట్టుకోగలదు. అల్యూమినియానికి అలాంటి భద్రమైన స్థాయి లేదు. చిన్న ఒత్తిళ్లే పోగుపడి చివరికి పెదవి వెనక మూలలో వెంట్రుక వాసి బీటగా బయటపడతాయి. ఇక గాజుపోగు కలిపిన నైలాన్ లాంటి పాలిమర్ దెబ్బ తగిలితే వంగి వెనక్కి వస్తుంది, తట్టుకోలేకపోతే పగులుతుంది. పగిలింది కళ్లకు కనిపిస్తుంది, చెత్తబుట్టలోకి వెళుతుంది. వంగిన లోహమే ఎక్కువ ప్రమాదం, ఎందుకంటే అది పైకి బాగానే కనిపిస్తూ పెట్టెలోకి తిరిగి వెళుతుంది. పాలిమర్ అంటే బొమ్మల సరుకని తీసిపారేసే పాత సైనికులు ఈ తేడాను లెక్కలోకి తీసుకోరు.

అయితే పెద్దల మాట అనుకోని దారిలో పాలిమర్ దగ్గరే నిజమవుతుంది. ప్లాస్టిక్ జాతి పదార్థాలు ఎడతెగని ఒత్తిడి కింద నెమ్మదిగా, శాశ్వతంగా సాగుతాయి. నిండుగా ఏళ్ల తరబడి ఉంచితే కింద నుంచి స్ప్రింగు తోస్తున్న బలానికి పెదవులు విచ్చుకునే వీలుంది. అమెరికా సంస్థ మాగ్‌పుల్ 2007లో విడుదల చేసిన పీమ్యాగ్‌కు ఒక మూత ఇచ్చింది. దుమ్ము పడకుండా ఉండటం దాని పనిలో సగమే. తొడిగినప్పుడు అది పైతూటాను కాస్త కిందికి నొక్కి పెదవుల మీద భారం తీసేస్తుంది. నిండుగా దాచవచ్చు, కానీ భారం పెదవుల మీద కాక మూత మీద పడేలా చూడాలన్నది దీనిలోని ఆలోచన.

మన్నిక, బరువు, ధర అనే మూడింటి మధ్య బేరం ఏకే మ్యాగజైన్ చరిత్రలో బాగా కనిపిస్తుంది. తొలి మ్యాగజైన్ నునుపు ఉక్కు రేకుది, ఖాళీగానే సుమారు 430 గ్రాములు. 1950లలో రేకును పలచన చేసి, గట్టిదనం కోసం పక్కల మీద నిలువు మడతలు తీసి సుమారు 330 గ్రాములకు తెచ్చారు. మడతల ఉక్కు మ్యాగజైన్ అంటే ప్రపంచమంతా గుర్తుపట్టేది ఇదే. తర్వాత బరువు ఇంకా తగ్గించాలని అల్యూమినియంతో 190 గ్రాముల దాన్ని తయారుచేశారు. అది తేలిగ్గా దెబ్బతింటోందని కొద్దికాలానికే వదిలేశారు. దాని స్థానంలో గాజుపోగు, ఫినోలిక్ రెసిన్ కలిపిన నారింజ రంగు మ్యాగజైన్ వచ్చింది, బరువు సుమారు 240 గ్రాములు. జనం దాన్ని బేకలైట్ అంటారు. రూపకర్తలు కేసును ప్లాస్టిక్‌తో చేసినా పెదవుల్ని, రైఫిల్‌కు తగులుకునే కొక్కేల్ని మాత్రం ఉక్కుతో బలపరిచారు. ఏది అరిగితే మ్యాగజైన్ చచ్చిపోతుందో వారికి తెలుసు. ఉత్తరప్రదేశ్‌లోని కోర్వాలో భారత సైన్యం కోసం తయారవుతున్న ఏకే-203 ఈ వంశంలో కొత్త తరం.

అమెరికా వైపు కథ వేరు. ఎం16 పలచటి అల్యూమినియం మ్యాగజైన్‌ను తేలిక కోసం, పాడైతే పారేసే వస్తువుగానే ఆలోచించారు. కానీ సైన్యం దాన్ని ఏళ్ల తరబడి తిప్పి తిప్పి వాడింది. లోపాలు కనిపించినప్పుడల్లా ప్లాట్‌ఫాంను దిద్దుకుంటూ వచ్చారు: నలుపు పోయి వాలిపోకుండా ఉండే ఆకుపచ్చది వచ్చింది, 2009లో దాని స్థానంలో ఇసుకరంగుది వచ్చింది. తూటా ముక్కును గట్టిపరచిన కొత్త రకం వచ్చాక అది రైఫిల్ లోపలి అల్యూమినియం వాలును గీకేస్తోందని మ్యాగజైన్ కోణాన్నే మార్చవలసి వచ్చింది. మెరైన్ దళం 2016 డిసెంబరులో పాలిమర్ పీమ్యాగ్‌ను అనుమతించింది. బ్రిటన్ తన ఎస్ఏ80 రైఫిల్‌ను బాగుచేయించినప్పుడు కొత్త ఉక్కు మ్యాగజైన్లు కూడా ఆ మరమ్మతులో భాగమే. ఫ్రాన్స్ అనుభవం ఇక్కడి పాఠకులకు మరింత దగ్గరగా అనిపిస్తుంది. ఫమాస్ రైఫిల్ 25 రౌండ్ల ఉక్కు మ్యాగజైన్‌ను వాడి పారేసేదిగా రూపొందించారు. బడ్జెట్ చాలక వాటినే మళ్లీ మళ్లీ నింపి వాడించారు. పెదవులు విచ్చుకున్నాయి, రైఫిల్‌కు చెడ్డపేరు వచ్చింది.

భారతదేశంలో ఈ చర్చ మన దేశంలోనే రూపొందిన ఇన్సాస్ రైఫిల్ దగ్గర ఆగుతుంది. లోపల ఎన్ని రౌండ్లున్నాయో బయటికి కనిపించే పాలిమర్ మ్యాగజైన్ దాని ప్రత్యేకత. 1999 కార్గిల్ యుద్ధంలో ఆ ఎత్తుల్లోని చలికి ఈ మ్యాగజైన్లు పగిలిపోయాయన్న ఫిర్యాదులు వచ్చాయి. పాలిమర్‌కు చలి పెద్ద శత్రువు. ఉష్ణోగ్రత పడిపోయేకొద్దీ దానిలోని సాగే గుణం పోయి పెళుసుదనం వస్తుంది. టెక్కలి నుంచో గజపతినగరం నుంచో వెళ్లిన జవాను సొంత జిల్లాలో అదే మ్యాగజైన్‌ను ఎంత మోటుగా వాడినా పగలకపోవచ్చు, అదే దెబ్బకు లద్దాఖ్‌లో పగలవచ్చు.

ఇక్కడి వాతావరణం పెట్టే పరీక్ష వేరు. ఆంధ్రప్రదేశ్‌లో పొడవైన తీరం శ్రీకాకుళానిది, సుమారు 193 కిలోమీటర్లు. 2008 ముంబయి దాడుల తర్వాత తీర భద్రత మీద దృష్టి పెరిగింది. కళింగపట్నం లాంటి చోట్ల మెరైన్ పోలీసుల ఆయుధాలు రోజూ ఉప్పుగాలిలోనే ఉంటాయి. ఉప్పులోని క్లోరైడ్ ఉక్కు మీది పూతలో చిన్న గీత దొరికితే చాలు, అక్కడ గుంతలు తొలుస్తుంది. మ్యాగజైన్‌లో ముందు తుప్పు పట్టేది బయటికి కనిపించే కేసుకు కాదు, ఎవరూ విప్పి చూడని స్ప్రింగు కింది చుట్లకు. తుప్పు గుంత ఉన్న చోటే స్ప్రింగు అలసి విరుగుతుంది. నిండుగా ఉంచడం వల్ల పోని స్ప్రింగు ఉప్పునీటి తుంపర వల్ల పోతుంది. అల్యూమినియం కేసులో ఉక్కు స్ప్రింగు ఉండి, రెంటి మధ్యా ఉప్పు తేమ చేరితే అల్యూమినియమే ముందు తినబడుతుంది.

తేమంటే అందరూ ఒకేలా జడుసుకుంటారు కానీ నైలాన్ విషయంలో ఇది తలకిందులు. నైలాన్ గాలిలోని తేమను పీల్చుకునే పదార్థం. తేమ పట్టిన నైలాన్ మరింత గట్టిదెబ్బ ఓర్చుకుంటుంది, బాగా ఆరిపోయినదే పెళుసవుతుంది. కొలతల్లో స్వల్పంగా పెరుగుదల ఉంటుంది, గాజుపోగు దాన్ని అదుపులో పెడుతుంది. కాబట్టి భావనపాడు తీరంలో ఉక్కు మ్యాగజైన్‌కు వారం వారం తుడుపు కావాలి; నైలాన్ మ్యాగజైన్ కేసు మాత్రం అక్కడి గాలిలో సుఖంగానే ఉంటుంది. దాని లోపలి స్ప్రింగుకు ఈ వరం వర్తించదు.

తుడుపులోనూ ఒక పొరపాటు ఎక్కువ. తుప్పు భయంతో మ్యాగజైన్ లోపల నూనె ధారాళంగా పోస్తారు. తీరంలో ఇసుక, ఏజెన్సీలో ఎర్రదుమ్ము ఆ నూనెకు అతుక్కుని ముద్దగా మారి ప్లాట్‌ఫాంను పట్టేస్తాయి. నూనె తూటాల మీదికి పాకి, తూటా అడుగున మందును అంటించే ప్రైమర్‌లోకి చేరే ప్రమాదమూ ఉంది. కేసు లోపల పొడి చిందీ గుడ్డతో తుడిచి, స్ప్రింగుకు మాత్రం నూనె తడి తగిలీ తగలనట్టు రాస్తే చాలు. వరదనీళ్లు దీనికి మినహాయింపు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఉద్దానాన్ని చుట్టేసినప్పుడు వంశధార పొంగి ఊళ్లు మునిగాయి. అలాంటి నీటిలో నానిన మ్యాగజైన్‌ను పూర్తిగా విప్పి, ఒండ్రు కడిగి, ఆరబెట్టకుండా పైపైన తుడిస్తే కొన్ని నెలలకే స్ప్రింగు పోతుంది.

ఆంధ్ర ఒడిశా సరిహద్దు అడవుల్లో ఆయుధాలు పాతి దాచిన పాత డంపులు బయటపడ్డాయన్న వార్తలు ఈ జిల్లాల పత్రికల్లో వస్తూనే ఉంటాయి. నేలలో పాతిన మ్యాగజైన్లు మన్నిక గురించి చాలా చెబుతాయి. వానాకాలపు నీరు డబ్బాలోకి దిగితే ఉక్కు కేసు తుప్పు పెంకుగా మారుతుంది, పాలిమర్ కేసు మట్టి కడిగితే కొత్తదానిలా ఉంటుంది, రెంటిలోనూ స్ప్రింగు మాత్రం ముక్కలవుతుంది. కేసు చూసి మ్యాగజైన్ బాగుందనుకోవడం ఎంత తప్పో అక్కడ తెలుస్తుంది.

పాత తుపాకుల మ్యాగజైన్లు అంతకాలం ఎలా బతికాయన్న ప్రశ్న మాజీ సైనికులు తరచుగా వేసేదే. దేశమంతటా పోలీసుల చేతిలో ఉండిన .303 లీ-ఎన్‌ఫీల్డ్‌కు పది తూటాల మ్యాగజైన్ ఉండేది. దాన్ని తీసి మార్చే పని లేదు. ఐదేసి తూటాల చార్జర్ క్లిప్పులతో పైనుంచే నింపేవారు. ఆ వంశపు తొలి రైఫిళ్లలో మ్యాగజైన్ పోకుండా చిన్న గొలుసుకొండితో రైఫిల్‌కే కట్టేశారు కూడా. చేతులు మారలేదు, కిందపడలేదు, బోల్ట్‌ను చేత్తో లాగాలి కాబట్టి స్ప్రింగుకు తొందరా లేదు. అది ఎక్కువకాలం మన్నడంలో ఉక్కు నాణ్యత పాత్ర కన్నా వాడకం తీరు పాత్రే పెద్దది. రూపకల్పనతో మన్నిక సాధించిన వాటిలో చెప్పుకోవలసింది స్టెర్లింగ్ కార్బైన్. దాని 34 రౌండ్ల వంపు మ్యాగజైన్‌లో ప్లాట్‌ఫాంకు బదులు రెండు రోలర్లు ఉంటాయి. తూటాలు రాపిడితో కాక దొర్లుతూ పైకొస్తాయి, దుమ్ము పక్కలకు పోతుంది. స్టెన్ చేదు అనుభవం తర్వాత పుట్టిన ఆలోచన అది. బ్యాంకు గార్డు భుజాన ఉండే రెండు గొట్టాల 12 బోరు తుపాకీకి మ్యాగజైనే లేదు, అతనికి ఈ తలనొప్పీ లేదు.

ఇక లెక్కల పుస్తకం. ప్రభుత్వ ఆయుధాగారంలో మ్యాగజైన్ ఒక ఆస్తి. పోతే విచారణ, విరిగితే వివరణ, పనికిరాదని తేల్చాలంటే తగిన అధికారుల సంతకాలు. ఆయుధ సామగ్రి దారి తప్పకుండా ఉండటానికి ఈ కట్టుదిట్టం అవసరమే. కానీ దీని వల్ల మ్యాగజైన్‌కు రైఫిల్ హోదా వచ్చేస్తోంది. బారెల్ అరిగితే మార్చాలని ఒప్పుకునే వ్యవస్థే, నాలుగు రేకు ముక్కల మ్యాగజైన్‌ను సంఖ్య తగ్గకూడదని కాపాడుతుంది. ఫలితంగా పెదవి వంగిన మ్యాగజైన్ ఒక కానిస్టేబుల్ దగ్గర ఆగిపోయి, తిరిగి అప్పగింతకు వచ్చి, మరుసటి వారం ఏజెన్సీ డ్యూటీకి వెళ్లే మరొకరి పౌచ్‌లోకి చేరుతుంది. ఫ్రాన్స్ బడ్జెట్ వల్ల చేసిన పనే ఇక్కడ రిజిస్టరు వల్ల జరుగుతుంది.

దీనికి పెద్ద సంస్కరణలేవీ అక్కర్లేదు. ప్రతి మ్యాగజైన్‌కు చెరగని అంకె ఒకటి, స్టాపేజీ వచ్చినప్పుడు రైఫిల్ నంబరుతో పాటు ఆ అంకెను కూడా రాసే అలవాటు ఉంటే, ఏడాది తిరిగేసరికి దోషులెవరో పుస్తకమే చెబుతుంది. శిక్షణకు వాడేవి, డ్యూటీకి ఇచ్చేవి కలవకూడదు. డ్యూటీ మ్యాగజైన్లను కూడా ఎప్పుడో ఒకసారి నిండుగా కాల్చి చూడాలి, ఎందుకంటే కాల్చని మ్యాగజైన్ బాగుందన్నది నమ్మకమే తప్ప రుజువు కాదు. వంగిన పెదవుల్ని పటకారుతో సరిచేసే నైపుణ్యం కొందరు ఆర్మరర్లకు ఉంటుంది, అది నిజంగా మెచ్చుకోదగిన పనితనమే; అయితే అలా సరిచేసిన లోహం ఒకసారి వంగి మరోసారి వెనక్కి వంగినది, రెండో దెబ్బకు మొదటిదాని కన్నా తొందరగా లొంగుతుంది. సరిచేసినవి శిక్షణకే వెళ్లాలి.

శిక్షణలోనూ వాటికి ఒక ఉపయోగం ఉంది. స్టాపేజీ వస్తే ఏం చేయాలో నేర్పడానికి కావాలని ఆగిపోయే మ్యాగజైన్ కన్నా మంచి పరికరం లేదు. పేలని డ్రిల్ కార్ట్రిడ్జిలతో నింపి ఇస్తే కొత్తవాడికి ఏ క్షణంలో ఆగుతుందో తెలియదు. అలాంటి వాటికి పక్కలకూ అడుగుకూ ఎర్రరంగు పూయాలి, విడిగా పెట్టెలో పెట్టాలి, పెట్టె తాళం కూడా విడిగానే ఉండాలి. రంగు రాలిపోతే మళ్లీ పూయడం ఎవరి బాధ్యతో డ్యూటీ చార్టులో రాసి ఉండాలి.